ఆరు ప్రశ్నార్థకాలు

(బెంగళూరు మారతహళ్ళిలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో తెలుగువారి ఆదివారం కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున పాత మెయిళ్ళ గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. కింద క్లబ్ హౌస్‌లో పెసరట్టు ఉప్మా పెడుతున్నారని ఇప్పుడే తెలిసింది, ఇప్పుడు అర్థమైంది. (నవ్వులు)

రెండు నెలల క్రితం ఇదే హాల్లో మాస్టారు నా చేతిలో ఒక సీడీ పెట్టారు. ముందు వరుసలోనే కూర్చున్నారు, పేరు చెప్పవద్దన్నారు. సీడీ మీద మార్కరుతో "అబ్బాయి ఉత్తరాలు" అని రాసి ఉంది. "అమ్మాయ్, నువ్వు చేసేది మెయిళ్ళ ఉద్యోగమే కదా. ఇది కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు, కాస్త చూసిపెట్టు" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసుల్లో మెయిల్ సర్వర్లు చూసుకుంటున్నదాన్ని, అరగంట పని అనుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి అడ్డంకి సీడీయే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే లేదు. బెంగళూరులో ఇలాంటి అవసరం ఏది వచ్చినా దారి ఎస్పీ రోడ్డుకే. సదర్ పత్రప్ప రోడ్డు అని పూర్తి పేరుతో అడిగితే ఆటో డ్రైవర్ ఒక క్షణం ఆలోచిస్తాడు, ఎస్పీ రోడ్డు అంటే మీటరు తిప్పకుండానే బయలుదేరతాడు. అక్కడ యూఎస్‌బీకి తగిలించే సీడీ డ్రైవు దొరికింది. పాత హార్డ్ డిస్కులను ఇప్పటి కంప్యూటర్‌కు కలిపే కేబుళ్ళు కూడా అక్కడ దొరుకుతాయి. మీ అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంటే దాన్ని తుక్కుకు అమ్మే ముందు ఆ కేబుల్ కొనుక్కోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

సీడీలో ఉన్నది ఒకే ఒక్క ఫైలు. పేరు చివర పీఎస్టీ. మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ వాడినవాళ్ళందరికీ తెలిసిన పేరే. మెయిళ్ళు, వాటి అటాచ్‌మెంట్లు, చిరునామాల పుస్తకం, క్యాలెండర్ అన్నీ కలిపి ఒకే ట్రంకుపెట్టెలో పెట్టినట్టు ఉంటుంది. మాస్టారి కొత్త కంప్యూటర్‌లో అది తెరుచుకోకపోవడానికి కారణం చాలా చిన్నది. అవుట్‌లుక్‌కు పీఎస్టీని చదవడంతో సరిపోదు, అందులో రాయడానికీ వీలుండాలి. సీడీ మీద రాయడం కుదరదు కదా. ఫైలును హార్డ్ డిస్కు మీదికి తెచ్చి, దాని ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ అన్న చోట టిక్కు ఉంటే తీసేస్తే తెరుచుకుంటుంది. అలాగే తెరిచాను. మాస్టారికి అప్పుడే ఫోను చేసి "అయిపోయింది" అని చెప్పేదాన్ని. చెప్పకపోవడం మంచిదైంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. పీఎస్టీ అన్న పేరు ఒకటే అయినా పెట్టెలు రెండు రకాలు. అవుట్‌లుక్ 97 నుంచి 2002 దాకా వచ్చినవి పాత రకం, వాటిని ఆన్సీ పీఎస్టీ అంటారు. ఆన్సీ అంటే కొన్ని భాషలకు ఒక్కో చిన్న అక్షరాల పట్టిక వాడే పాత పద్ధతి. అవుట్‌లుక్ 2003తో కొత్త రకం వచ్చింది, అది యూనికోడ్ పీఎస్టీ. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కలిపి ఒకే పెద్ద పట్టిక. పాత పెట్టెలో ఏ మెయిలు ఎక్కడుందో చెప్పే చిరునామాలు 32 బిట్లవి, అందుకే దాని పరిమాణం 2 జీబీ దాటకూడదు. కొత్తదానిలో చిరునామాలు 64 బిట్లవి. అవుట్‌లుక్ 2003, 2007లలో మామూలుగా 20 జీబీ దాకా, 2010 నుంచి 50 జీబీ దాకా వెళ్ళనిస్తుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. కొత్త అవుట్‌లుక్ కొన్నాం, పాత ఫైలు తెరుచుకుంది, కాబట్టి ఫైలు కూడా కొత్తదైపోయింది అనుకుంటారు. కాదండీ. ఇల్లు మారితే ట్రంకుపెట్టె మారుతుందా? 1999లో పుట్టిన ఫైలును అవుట్‌లుక్ 2016లో తెరిచి రోజూ వాడుకుంటున్నా అది 1999 నాటి ఫైలే. 2 జీబీ హద్దు దానితోనే ఉంటుంది. పెట్టె తానుగా మారదు. కొత్త పెట్టె తయారు చేసి, పాతదానిలోని సరుకును అందులోకి మనమే మార్చాలి.

మీది ఏ రకమో తెలుసుకోవడం తేలిక. అవుట్‌లుక్ అకౌంట్ సెట్టింగ్స్‌లో డేటా ఫైళ్ళు అని ఉంటుంది. అక్కడ ఆ ఫైలు సెట్టింగ్స్ తెరిస్తే, ఫార్మాట్ అన్న చోట పక్కన 97-2002 అని కనిపిస్తే పాతది. అవుట్‌లుక్ లేనివాళ్ళకు ఇంకో దారి ఉంది, నాకు సరదా అయిన దారి. ఫైలులోని బైట్లను విడివిడిగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో దాన్ని తెరవండి. మొదటి నాలుగు బైట్లు ఆశ్చర్యార్థకం, బి, డి, ఎన్. ఏ పీఎస్టీ తెరిచినా ఆ నాలుగే. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ పదకొండో బైటు దగ్గర ఆగండి. హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో, 17 అని ఉంటే యూనికోడ్, అది మన లెక్కలో 23. 0E గాని 0F గాని, అంటే మన లెక్కలో 14 గాని 15 గాని ఉంటే ఆన్సీ. ఇదేమీ రహస్యం కాదు, పీఎస్టీ లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్టే 2010లో ప్రచురించింది. మాస్టారి ఫైలులో ఉన్నది 0E, అంటే 14.

2 జీబీ హద్దు గురించి నాకు స్వానుభవం ఉంది. 2005లో నేను పని చేసిన ఒక కంపెనీలో మా మేనేజరుగారి పీఎస్టీ ఒక శుక్రవారం సాయంత్రం ఆ గీత దాటింది. ఆ రోజుల్లోని పాత వెర్షన్లు నిండిపోతోందని చెప్పకుండానే నింపుకుంటూ పోయేవి, ఒకరోజు హఠాత్తుగా తెరుచుకోవడం మానేసేవి. దానికి మైక్రోసాఫ్ట్ ఒక చిన్న పనిముట్టు ఇచ్చింది. ఫైలు చివరి నుంచి మనం చెప్పినంత ముక్క కోసేసిన నకలు ఒకటి తయారు చేస్తుంది, ఆ నకలును మరమ్మతు చేసే స్కాన్‌పీఎస్టీతో బాగు చేసుకోవాలి. నేను 25 ఎంబీ కోశాను. బాగు చేశాను. తెరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా మురిసిపోయి, చోటు చాలడం లేదని పాత ఫైలును తుడిచేశాను.

ఆ 25 ఎంబీలో ఏమున్నాయో నాకు తెలియదు. ఫైలు చివర ఉన్నవి కొత్త మెయిళ్ళే కానక్కర్లేదు, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సర్దుకునే పెట్టె అది. ఆరు నెలల తర్వాత ఆయన ఒక ఒప్పందం తాలూకు మెయిలు వెతికారు. దొరకలేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. అప్పటి నుంచి నా అలవాటు ఒకటే. అసలు ఫైలు జోలికి వెళ్ళను. ముందు నకలు తీస్తాను, పని అంతా నకలు మీదే. అవుట్‌లుక్ ఫైలును ఊరికే తెరిచినా అందులో ఏదో ఒకటి రాస్తుంది కాబట్టి, "చూసి మూసేస్తాను" అన్నా నకలు మీదే చూస్తాను.

పీఎస్టీ కాక ఇంకో పాత పెట్టె ఉంది, దాని సంగతి త్వరగా ముగిస్తాను. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్ళలో ఎక్కువగా వాడింది అవుట్‌లుక్ కాదు, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. పేర్లు కవల పిల్లల్లా ఉన్నా ఫైళ్ళు వేరు. అందులో ఒక్కో ఫోల్డర్‌కు ఒక్కో డీబీఎక్స్ ఫైలు. అవి ఎక్కడుండేవంటే, డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో మన పేరు మీద ఉన్న ఫోల్డర్ లోపల, లోకల్ సెట్టింగ్స్ అనే దాచిపెట్టిన ఫోల్డర్‌లో, ఐడెంటిటీస్ అనే దాని కింద. కంప్యూటర్ మార్చేటప్పుడు జనం మై డాక్యుమెంట్స్ కాపీ చేసుకుని, ఫొటోలు కాపీ చేసుకుని, నిశ్చింతగా పాతదాన్ని అమ్మేశారు. మెయిళ్ళు ఆ చీకటి గదిలోనే ఉండిపోయాయి. ఎస్పీ రోడ్డు కేబుల్ కొనమన్నది ఇందుకే. తెనాలిలో మా బాబాయి కథ మరోటి. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అప్పుడప్పుడు "చోటు మిగల్చనా" అని అడిగి ఫైళ్ళను కుదించేది. సరే అని నొక్కారు, సగంలో కరెంటు పోయింది. ఇన్‌బాక్స్ ఖాళీ. నాలుగేళ్ళ ఉత్తరాలు.

మళ్ళీ మాస్టారి ఫైలుకు వద్దాం. మొదటి ఆదివారం కొత్త యూనికోడ్ పీఎస్టీ ఒకటి తయారు చేసి, పాతదాన్ని అందులోకి ఇంపోర్ట్ చేశాను. సబ్ ఫోల్డర్లు కూడా అన్న చోట టిక్కు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే పైపెట్టె వస్తుంది, అరల్లోవి రావు. అయ్యాక ప్రతి ఫోల్డర్‌లో ఎన్ని మెయిళ్ళున్నాయో అక్కడా ఇక్కడా లెక్క సరిచూశాను. ఇన్‌బాక్స్‌లో రెండు తేడా వచ్చింది. ఒక్కో ఏడాదివి విడదీసి మళ్ళీ తెస్తే ఆ రెండూ దొరికాయి, వాటి అటాచ్‌మెంట్లు పాడై ఉన్నాయి. ఈ లెక్క పని విసుగు పుట్టిస్తుంది. అయినా ఇది చేయకుండా "అయింది" అనే మనిషిని నేను నమ్మను. 2005 నాటి నన్ను నేనే నమ్మను.

లెక్క కుదిరింది. అప్పుడు మెయిళ్ళు తెరిచి చూశాను. నిజమైన పని అక్కడ మొదలైంది.

మాస్టారి అబ్బాయి 2000లో అమెరికా వెళ్ళాడు. తెలుగులోనే ఉత్తరాలు రాయాలని తండ్రి షరతు. అబ్బాయి మాట తప్పలేదు. కానీ ఆ తర్వాతి ఏళ్ళలో కంప్యూటర్‌లో తెలుగు రాసే పద్ధతి రెండుసార్లు మారింది. అంటే ఒకే ఫైలులో మూడు తరాల తెలుగు ఉంది.

మొదటి తరం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. రైస్ విశ్వవిద్యాలయంలో తయారైన ఆర్‌టీఎస్ అనే పద్ధతి అది, ఇంటర్నెట్ తొలిరోజుల్లో అమెరికా తెలుగువాళ్ళు బాగా వాడారు. అందులో చిన్న టి రాస్తే త, పెద్ద టి రాస్తే ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. ఈ ఉత్తరాలు ఏ పెట్టెలోకి మార్చినా చెక్కుచెదరవు, ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరాలు పాడవడమన్నది లేదు. లేఖిని లాంటి పనిముట్టులో పెడితే ఇప్పటి తెలుగైపోతాయి. ఒకటే చిక్కు. అవుట్‌లుక్‌లో వెతుకులాటకు చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా లేదు. మాస్టారు "పాట" అని వెతికితే "పాత" అన్నవన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆయనకు ఆ తప్పు నచ్చింది కూడా. (నవ్వులు)

రెండో తరం ఫాంటు తెలుగు. ఇప్పుడు నలభై దాటినవాళ్ళకు గుర్తుంటుంది. ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు ఒక ఫాంటు, హేమలత, శ్రీలిపి ఇలా ఎవరిది వారిది. వీటిలో ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో, ఐరోపా భాషల గుర్తుల స్థానాల్లో తెలుగు బొమ్మలు గీసిపెట్టారు. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే గజిబిజి. ఇక్కడ తాళంచెవి ఫాంటు పేరే. ఆ పేరు మెయిలు హెచ్‌టీఎంఎల్‌లో, అంటే ఫాంటు, రంగు లాంటి వివరాలు కూడా దాచే రూపంలో ఉంటుంది. చాలామంది మార్చేటప్పుడు "ఫార్మాటింగ్ ఎందుకులే, ప్లెయిన్ టెక్స్ట్ చాలు" అనుకుంటారు. ఇంగ్లిష్ మెయిలైతే ఏమీ పోదు. ఈ ఉత్తరాలకు అలా చేస్తే గజిబిజి మిగులుతుంది, అది ఏ ఫాంటు గజిబిజో చెప్పే ఒక్క ఆధారం పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. పద్మ అనే పనిముట్టు ఇలాంటి ఫాంటు తెలుగును యూనికోడ్‌లోకి మార్చేది, అయితే దానికీ ఏ ఫాంటో తెలియాలి కదా.

మూడో తరం యూనికోడ్. ఇక్కడ నాకు నిజంగా భయం వేసింది. 2006 నాటి ఉత్తరాల జాబితాలో విషయం, అంటే సబ్జెక్ట్, ఉండాల్సిన చోట అన్నీ ప్రశ్నార్థకాలు. ఒకదానిలో సరిగ్గా ఆరు ప్రశ్నార్థకాలు, ఖాళీ, మళ్ళీ మూడు.

ఈ ఆరు ఏమిటో చెబుతాను. విండోస్‌లో తమిళానికి, తెలుగుకు, హిందీకి ఆన్సీ పట్టిక అంటూ ఎప్పుడూ లేదు. మన భాషలు నేరుగా యూనికోడ్‌లోకే వచ్చాయి. మాస్టారి ఆన్సీ పెట్టె తనకు తెలియని అక్షరం ఎదురైన ప్రతిచోటా ఒక ప్రశ్నార్థకం పెట్టింది. తెలుగు అన్న మాటను యూనికోడ్ ఎలా చూస్తుందంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మొత్తం ఆరు. కాబట్టి ఆ ఆరు ప్రశ్నార్థకాలు "తెలుగు" కావచ్చు, "మామిడి" కూడా కావచ్చు. మ, దీర్ఘం, మ, గుడి, డ, గుడి. అదీ ఆరే. ప్రశ్నార్థకం నుంచి వెనక్కి దారి లేదు.

మీ పాత మెయిళ్ళలో తెలుగు చెడిపోయి కనిపిస్తే కంగారు పడే ముందు ఎలా చెడిందో చూడండి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, ఫాంటు లేదు, అంతే. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఉన్నా చాలు. నెత్తిన గీత ఉన్న చిన్న ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తే అది యూటీఎఫ్ 8 తెలుగును, అంటే యూనికోడ్‌ను బైట్లుగా రాసే ఒక పద్ధతిలో ఉన్న తెలుగును, తప్పు పట్టికతో చదివారని అర్థం. అందులో ప్రతి తెలుగు అక్షరానికి మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే, అందుకే ఆ ఎ అన్నిసార్లు వస్తుంది. చాలావరకు వెనక్కి తిప్పవచ్చు. ప్రశ్నార్థకాలైతే మాత్రం ఆ చోట అక్షరం పోయినట్టే.

ఆ చోట, అన్నాను. అదే రెండో ఆదివారం నాకు దొరికిన దారి. ఉత్తరం తెరిచి చూస్తే లోపలి పాఠం శుభ్రంగా తెలుగులో ఉంది! కారణం, హెచ్‌టీఎంఎల్ ఉత్తరాన్ని ఆ పాత పెట్టె చదవకుండా బైట్ల మూటగా అలాగే దాచింది. చదవబోయినవే చెడ్డాయి. మరి విషయం మాటేమిటి? మెయిలు ప్రయాణంలో విషయం తెలుగులో ప్రయాణించదు. దారిలో పాత సర్వర్లకు అర్థం కాదని దాన్ని మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లోకి, అంకెల్లోకి మూటగట్టి పంపుతారు. వచ్చిన ఉత్తరాలకు ఆ మూట ఇంటర్నెట్ హెడర్లు అనే మరో అరలో, విప్పకుండా, అలాగే పడి ఉంటుంది. ఉత్తరం ప్రాపర్టీస్ తెరిస్తే కింద చిన్న పెట్టెలో ఆ హెడర్లు కనిపిస్తాయి. అందులో విషయం పక్కన యూటీఎఫ్ 8 అని, తర్వాత అర్థంలేని అక్షరాల వరుస. దాన్ని విప్పాను.

ఆరు ప్రశ్నార్థకాలు, మూడు ప్రశ్నార్థకాలు అన్నాను కదా. అది "మామిడి కాయ". ఆ ఏడాది అక్కడి దుకాణంలో దొరికిన కాయతో ఆవకాయ పెట్టాడట, కారం ఎంత వేయాలని తల్లిని అడిగాడు.

ఆ పద్ధతిలో వచ్చిన ఉత్తరాలన్నిటి విషయాలూ తిరిగి వచ్చాయి. మాస్టారు పంపినవాటికి మాత్రం ఆ హెడర్లు లేవు, పంపిన ఉత్తరం మన పెట్టెలో ప్రయాణం చేయదు కదా. వాటి విషయాలు ప్రశ్నార్థకాలుగానే ఉన్నాయి. మాస్టారు కూర్చుని లోపలి ఉత్తరం చదివి చేత్తో పెట్టుకుంటానన్నారు.

మూడో ఆదివారం ఇంకో నకలు చేశాను. రోజూ చదువుకోవడానికి కొత్త పీఎస్టీ సరే, కానీ దాచుకోవడానికి నేను ఈఎంఎల్ పక్షం. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు, లోపల ఉన్నది మామూలు పాఠం, 1982 నాటి మెయిలు ప్రమాణం నుంచి వస్తున్న రూపమే. ఒకటి పాడైతే ఒకటే పోతుంది. థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాము వాడే ఎంబాక్స్ కూడా పాఠమే, కాకపోతే ఫోల్డర్ మొత్తం ఒకే పొడుగు ఫైలు. అందులో ఫ్రమ్ అన్న మాటతో మొదలయ్యే వరుసే కొత్త ఉత్తరానికి గుర్తు. ఉత్తరం మధ్యలో ఎవరైనా ఆ మాటతో వరుస మొదలుపెడితే ముందు ఒక బాణం గుర్తు తగిలిస్తారు, తగిలించడం మరిచిన ప్రోగ్రాముల వల్ల ఒక ఉత్తరం రెండుగా చీలిన సందర్భాలు చూశాను.

ఈఎంఎల్‌లోకి తెచ్చాక ఫైలు తేదీ చూసి హడలిపోకండి, అన్నీ ఇవాళ్టి తేదీతో ఉంటాయి. అసలు తేదీ ఉత్తరం లోపల హెడర్‌లో భద్రంగా ఉంటుంది. ఉత్తరం తెరిచి "తెలుగు" అన్న మాట కనబడలేదని కూడా కంగారు వద్దు. సమానం గుర్తులు, అక్షరాలు, అంకెలు కలిసి ఆ ఒక్క మాట 54 గుర్తులుగా పరుచుకుని ఉండవచ్చు. మెయిలు ప్రోగ్రాములో తెరిస్తే తెలుగే.

ప్రశ్న అడుగుతున్నారు, చెప్పండి. పాస్‌వర్డ్ మరిచిపోతే ఎలా అని. పీఎస్టీ పాస్‌వర్డ్ గురించి నిజం చెబితే మీరు ఇవాళ నిద్రపోరు. ఆ పాస్‌వర్డ్‌ను సీఆర్‌సీ అనే చిన్న లెక్కగా మార్చి ఫైలులో పెడతారు. అవుట్‌లుక్ దాన్ని మర్యాదగా అడుగుతుంది. రీడ్‌పీఎస్టీ లాంటి ఉచిత పనిముట్లు అసలు అడగవు, నేరుగా చదివేస్తాయి. కాబట్టి మీ ఫైలు మీకు దొరుకుతుంది. మీ పాత డిస్కు కొన్నవాడికీ దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో "మీ పీఎస్టీ ఇక్కడ ఎక్కించండి, మార్చి ఇస్తాం" అనే చోట్లకు మాత్రం పంపకండి. మీ అబ్బాయి బ్యాంకు వివరాల నుంచి ఆవకాయ కొలతల దాకా అన్నీ అందులోనే ఉన్నాయి.

పెసరట్టు వాసన వస్తోంది, ఆపేస్తాను. మాస్టారూ, ఫాంటు ఉత్తరాలు ఇంకా ముప్ఫై దాకా మార్చాల్సి ఉంది, అబ్బాయి ఏ ఫాంటు వాడాడో ఒకసారి అడిగి చెప్పండి. ఆ సీడీ నా సంచిలోనే ఉంది, వెళ్ళేటప్పుడు తీసుకువెళ్ళండి.